మూడు మాత్రల పొట్లం

వేడినీళ్ల గిన్నెలో ముంచిన చేతులను శివలీల ఇంకా బయటికి తీయలేదు. పొద్దున్నే అరగంట సేపు ఇట్లా నానబెడితే తప్ప వేళ్లు మాట వినవు. ముందు కుడిచేతి చూపుడువేలు కదులుతుంది. తర్వాత నడిమి వేలు. తక్కినవి మూడేళ్లుగా చిటికెన వేలి వైపుకే ఒరిగిపోయి, ఎంత లాగినా నిలువుగా రావడం మానేశాయి. కణుపులు ఉబ్బి, వాటి మీద చర్మం నున్నగా మెరుస్తూ ఉంటుంది. మణికట్టు దగ్గర ఒక బుడిపె. దాన్ని తాకితే మోచేతి దాకా జివ్వుమంటుంది.

ఆమెకు నలభై అయిదేళ్లు. చూసినవాళ్లు అరవై అంటారు. అందులో తప్పేమీ లేదు, చేతులైతే డెబ్బై అన్నా నమ్మొచ్చు.

జాకెట్టు హుక్కులు లక్ష్మీప్రియ పెట్టింది. జడ కూడా ఆ పిల్లే వేసింది. చెల్లెలి కూతురు, డిగ్రీ రెండో ఏడు. తల్లి పోయిన ఏడేళ్ల నుంచీ పెద్దమ్మ దగ్గరే పెరుగుతోంది. పెద్దమ్మ కాళ్ల వైపు చూసి, వేలితో నొక్కి చూసింది. నొక్కిన చోట గుంట పడి, అది చాలాసేపటికి గానీ నిండలేదు.

"ఈ పొద్దు గూడా పోవల్లా పెద్దమ్మా? నీళ్లు శానా దిగినాయి సూడు."

"పోవల్ల."

"సోమవారం ఆస్పత్రిలో చేరమన్యారు గదా. ఈ మూడు దినాలు ఇంట్లో ఉంటే ఏమి? నేను పోయి మండీలో చెప్పొస్తా, రాదని."

"కాయలు ఏరేదానికి గాదులే. వేరే పనుండాది."

ఆ వేరే పని ఏమిటో శివలీల చెప్పలేదు. బుధవారం కర్నూలు నుంచి తిరిగొచ్చే బస్సులో ఆ పని గురించి అనుకుంది. రెండు రోజులుగా అన్నం తింటున్నా, నీళ్లు తాగుతున్నా అదే అనుకుంటోంది. ఓబుళేశు సారు చేత ఓబుళేశు సారు పొట్లమే మింగించాలి. అది కూడా అందరి ముందర, పరగడుపున, టమాటా మార్కెట్టు నడిబొడ్డున.

పత్తికొండ మార్కెట్టులో అప్పటికే లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చిన కాయలను మండీల ముందు రాశులు పోస్తున్నారు. ఆడవాళ్లు ఖాళీ బాక్సులు బోర్లించి వాటి మీద కూర్చుని, రాశి చుట్టూ చేరి ఏరుతున్నారు. పచ్చికాయ ఒక బాక్సులోకి, దోరకాయ ఒక బాక్సులోకి, పండు ఒకదాంట్లోకి. పగిలినవి, మచ్చవి వెనక్కి విసిరేస్తారు. కాయను చేత్తో తిప్పి చూడకూడదు, అంత తీరిక ఉండదు. ఎత్తేటప్పుడే వేళ్లకు తెలిసిపోవాలి. శివలీల పద్దెనిమిదేళ్లుగా ఆ పని చేస్తోంది. పెళ్లయిన నాలుగో ఏట మొగుడు తిమ్మయ్య బోరు లారీలో పనికని తమిళనాడు పోయి, అక్కడే ఇంకో ఇల్లు చూసుకున్నాడు. అప్పుడు వచ్చి కూర్చుంది ఈ బాక్సు మీద.

కీళ్లు పట్టుకోవడం ముప్పై నాలుగో ఏట మొదలైంది. పొద్దున లేస్తే పిడికిలి బిగవదు. బిగిస్తే విప్పుకోదు. కాయను ఎత్తితే జారి కింద పడేది. మండీ వాళ్లు రెండు రోజులు చూసీచూడనట్టు ఊరుకుని, మూడో రోజు "రేపట్నించి రావద్దులేమ్మా" అన్నారు. ఆ పొద్దే ఓబుళేశు దగ్గరికి పోయింది. ఆయన ఆర్‌ఎంపీ. తెల్ల చొక్కా, మెడ చుట్టూ పౌడరు, నోట్లో ఎప్పుడూ మంచిమాట. చేతులు పట్టుకుని చూసి, నడుముకు ఒక సూది వేసి, చదివేసిన నోటుబుక్కు కాగితంలో మడిచిన పొట్లం చేతిలో పెట్టాడు. తెల్లది ఒకటి, పచ్చది ఒకటి, మెంతిగింజంత చిన్నది ఒకటి.

"పొద్దున్నే టీతో వేసుకో. పది నిమిషాల్లో నీ చేతులు నీకొస్తాయి" అన్నాడు.

వచ్చాయి కూడా. ఆ మాట దాచాల్సిన పని లేదు. ఆ తెల్లారి శివలీల పక్కనున్న ఇద్దరితో పోటీపడి ఏరింది. మధ్యాహ్నం తన చేతులను తానే చూసుకుని ఏడ్చింది. ఆ పొద్దు ఓబుళేశు కాళ్లకు మొక్కమన్నా మొక్కేది.

నెలలు గడిచేకొద్దీ ఆమె ముఖం గుండ్రంగా నిండింది. చెంపలు పొంగాయి, మెడ కింద మెత్తగా కండ పట్టింది. అంతకుముందు ఎముకల గూడులా ఉండే మనిషి. మార్కెట్టులో ఆడవాళ్లు ఆగి ఆగి చూశారు. "ఏమ్మే శివలీలా, ఏం తింటాండావు, ఒళ్లు చేసినావే!" అన్నారు. కడుపునిండా తిండి లేని చోట నిండు ముఖం కంటే పెద్ద ఆరోగ్యం ఏముంటుంది? మందు ఒంటికి పట్టిందనుకున్నారు. శివలీలా అదే అనుకుంది. ఓబుళేశు ఊరంతటికీ ఆమెనే చూపించాడు. "నన్ను నమ్మొద్దు, శివలీలను సూడండి" అనేవాడు. ఆయన ఎన్నడూ బోర్డు రాయించలేదు. ఆయన బోర్డు ఈమే.

ఆ బోర్డు చూసి ఎంతమంది పోయారో లెక్క లేదు. కానీ చెల్లెలు నాగలతను మాత్రం శివలీల చేయి పట్టుకుని తీసుకుపోయింది. నాగలతకు పత్తి విత్తనాల చేలల్లో పూలకు పుప్పొడి పూసీ పూసీ మణికట్లు వాచాయి. "నాకొద్దుక్కా, వేడి చేస్తాదేమో" అంటే వినలేదు. సారు ముందు కూర్చోబెట్టి, మొదటి పొట్లం తానే విప్పి నోట్లో వేసింది. రెండేళ్లు తిన్నాక ఒక తెల్లవారుజామున నాగలత కాఫీ పొడి కలిపినట్టు నల్లగా వాంతి చేసుకుంది. మళ్లీ చేసుకుంది. అంబులెన్సు కోడుమూరు దాటకముందే పోయింది. కడుపులో ఏదో పుండు అన్నారు. ఏ పుండో, ఎందుకు పడిందో ఎవరికీ తట్టలేదు. శివలీల పదకొండో రోజు మళ్లీ పనిలోకి వచ్చి, టీ తాగి, తన పొట్లం తాను మింగింది.

రెండు నెలల కిందట కాళ్లు వాచి, ఆయాసం వచ్చి కర్నూలు పోతే, డాక్టర్ తనూజ ఆ పొట్లాన్ని బల్ల మీద విప్పింది. చిన్న వయసు పిల్ల. మాత్రలను పెన్నుతో ఒక్కొక్కటిగా జరిపింది.

"ఇది డైక్లోఫినాక్, నొప్పీ వాపూ తగ్గిస్తుంది. ఈ పచ్చది కూడా అలాంటిదే, ఇంకో పేరు. ఈ రెండూ కలిపి ఇవ్వనే కూడదు. ఈ చిన్నది స్టిరాయిడ్. నీ ముఖం నిండింది దీనివల్లే, బలం వచ్చి కాదు. ఇవి చెడ్డ మందులు కావమ్మా. నేనూ రాస్తాను. కానీ ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి అని చూసి, తిన్నాక వేసుకోమని చెప్పి, కడుపుకు కాపుగా ఇంకో మాత్ర ఇచ్చి, రక్తం పరీక్షలు చేస్తూ రాస్తాం. అయినా ఇవి నొప్పిని ఆపుతాయే గానీ జబ్బును ఆపవు. నీకు నొప్పి లేదు, లోపల కీలు మాత్రం కరుగుతూనే ఉంది. జబ్బును ఆపే మందు వేరే ఉంది. వారానికి ఒక్కసారి వేసుకునేది. మొదట్లోనే వచ్చుంటే బాగుండేది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ముందు కిడ్నీల సంగతి చూడాలి."

శివలీలకు అర్థమైంది. తన సంగతి అర్థమైంది, దానికంటే ముందు నాగలత సంగతి అర్థమైంది. అయినా అప్పటికింకా పగ పుట్టలేదు. తెలియని మనిషి, తెలియక ఇచ్చాడేమో అనుకుంది. తానూ తెలియకే కదా తీసుకుపోయింది.

పగ మొన్న బుధవారం పుట్టింది. రక్తపరీక్షకు కూర్చుని ఉంటే నర్సు "ఓబుళేశు, పత్తికొండ" అని పిలిచింది. మూతికి మాస్కు, నెత్తిన టోపీ పెట్టుకున్న మనిషి లేచి ఫైలు అందించాడు. నాలుగేళ్ల ఫైలు, మూలలు నలిగిపోయి ఉంది. చేతులకున్న గ్లౌజులు తీశాడు. ఆ కణుపులను శివలీల చూడగానే గుర్తుపట్టింది, రోజూ వేడినీళ్ల గిన్నెలో చూసేవే. "ఆదివారం మాత్ర ఆదివారమే వేసుకుంటున్నారు గదా? నొప్పి మాత్ర ఎప్పుడైనా వేసుకుంటే తిన్నాకే" అని నర్సు అడిగింది. "తెలుసమ్మా, తెలుసు" అన్నాడాయన. పక్కనుంచే నడిచిపోయాడు. పొట్లం మానేశాక చెంపలు పీక్కుపోయిన ఈ ఆడమనిషిని చూశాడు గానీ, తన బోర్డును తాను పోల్చుకోలేదు. నాలుగేళ్లుగా తాను అసలు మందు తింటూ, మార్కెట్టులో మాత్రం పొట్లాలు పంచుతున్నాడు. శివలీల కూర్చున్నచోటే పళ్లు పటపటా కొరికింది.

టీ క్యాను వచ్చింది. దాని వెనకే ఓబుళేశు మోటారు సైకిలూ వచ్చింది. రోజూ అంతే, పొట్లం టీ మీద దిగాలి కదా. ఆయన బండి దిగకుండానే సంచిలో చెయ్యి పెట్టి ఒక్కొక్కరికి ఒక్కో పొట్లం అందిస్తున్నాడు. చేతులకు నల్ల గ్లౌజులు. చలికాలం పోయి రెండు నెలలయింది.

"ఏం శివలీలా, శానా దినాలైంది టీ కాడ కానరాక. చిక్కిపోయినావే?"

"ఈడనే ఉండా సారూ." పొట్లం తీసుకుంది. నోట్లో వేసుకోలేదు. "నీ చేతులెట్లుండాయి సారూ?"

"నా చేతులకేమి?"

"గ్లౌజులు తీ, సూస్తాం."

ఆయన నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఎదురుగా కూర్చున్న సోమక్క, అందరిలోకీ పెద్దది, రొట్టె మూట పక్కన పెట్టి "తీ సారూ, అడుగుతాంది గదా" అంది. వాదిస్తే గొడవ పెద్దదవుతుందని కాబోలు, ఓబుళేశు ఎడమచేతి గ్లౌజు తీశాడు. ఆడవాళ్లందరూ ఒక్కసారే వంగి చూశారు.

"అయ్యో సారూ, నీగ్గూడానా!" అంది రామసుబ్బమ్మ. ఆ గొంతులో నిజమైన జాలి ఉంది. శివలీలకు అది వింటే ఒళ్లు మండింది.

"అదే గదా" అంది. లేచి నిలబడటానికి ఆమెకు కొంత సేపు పట్టింది. పొట్లం ఆయన చేతిలో తిరిగి పెట్టింది. "ఇంద, వేసుకో. మాకు తగ్గేది నీకు తగ్గదా? వేడి వేడి టీ గూడా ఉండాది."

ఓబుళేశు పొట్లం విప్పాడు. మూడు మాత్రలు అరచేతిలో ఉన్నాయి. చుట్టూ పదిమంది ఆడవాళ్లు. టీ పోసేవాడు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఓబుళేశు మాత్రల వంక చూసి, చూసి, మామూలుగా అనేశాడు.

"ఇప్పుడు గాదులే. పరగడుపున వేసుకుంటే కడుపు బొక్క పడుతాది. టిఫిన్ తిన్యాక వేసుకుంటా."

అన్నాక గానీ తాను ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. ఆడవాళ్ల చేతులు రాశి మీదే ఆగిపోయాయి. వాళ్లలో అప్పటికే టీతో మింగేసినవాళ్లు నలుగురు. ఒకామె తన కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

"పరగడుపున వేసుకోగూడదా సారూ?" సోమక్క మెల్లగా అడిగింది. "నువ్వే గదా చెప్పింది పొద్దున్నే టీతో అని?"

"అంటే... నా కడుపు వేరే. నాకు గ్యాసు..."

"నాగలత కడుపు గూడా వేరేనా?" అంది శివలీల. ఇన్నాళ్లకు ఆమెకు హాయిగా ఉంది. గొంతు ఎత్తాల్సిన పని కూడా లేదనిపించింది. "బుధవారం కర్నూల్లో నిన్ను సూసినా సారూ. నీ పక్కనే కూసున్యా. నాల్గేండ్ల నుంచి నువ్వు ఆదివారం మాత్ర తింటాండావు. మాకు ఇవి పెడుతాండావు. నా చెల్లెలికి ఈ చేత్తోనే నేను పెట్టినా. నీ మాట మీద పెట్టినా. కర్నూలు డాక్టరమ్మ విప్పి చెప్పింది, ఇది కడుపు తింటాదని, కిడ్నీలు తింటాదని. నావి అయిపోయినాయి. ఇంగ నువ్వు తిను."

సోమక్క మూట విప్పి జొన్న రొట్టె సగం తుంచి ఆయన ముందుకు చాపింది. "ఇంద. ఇది తిని వేసుకో సారూ. పరగడుపు గాదు ఇంగ."

ఓబుళేశు ముఖంలో మంచిమాట పోయింది. మాత్రలను జేబులో వేసుకున్నాడు. "పాపమని బండేసుకుని మీ కాడికొస్తే నాకు ఇదా? రేపు మీరే వస్తారు, ఏడ్చుకుంటా నా ఇంటికాడికి" అని బండి తిప్పాడు.

వెంటనే రామసుబ్బమ్మ లేచి పరిగెత్తింది. "సారూ, నా పొట్లం! నాకిచ్చి పో!" బండి ఆగింది, పొట్లం ఆమె చేతిలో పడింది, బండి పోయింది. రామసుబ్బమ్మ తిరిగొచ్చి ఎవరి ముఖమూ చూడకుండా దాన్ని కొంగున ముడి వేసుకుంది.

శివలీలకు ఆమె చెంప పగలగొట్టాలనిపించింది. అంతలో ఆమె మణికట్లు కనిపించాయి. రెండూ వాచి, గాజులు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి.

"మింగొద్దు. బుధవారం కర్నూలుకు పో."

"బుధవారం దాంక నా కాయలు ఎవురు ఏరుతారక్కా?"

 శివలీల కూర్చుని, తన బాక్సులతో పాటు రామసుబ్బమ్మ బాక్సులోకి కూడా కొన్ని కాయలు వేసింది. వేళ్లు రావడం లేదని అరచేతుల మధ్య పట్టుకుని వేసింది. పగ సగమే తీరింది. వాడు మింగలేదు. రేపు రానీ, రేపు మింగిస్తా. ఎల్లుండి మింగిస్తా. పదకొండేళ్లు తానెట్లా మింగిందో అట్లా రోజూ పొద్దున్నే వాడి చేత మింగించాలి. ఒక్క పొట్లంతో ఎవరూ చావరని ఆమెకు తెలుసు. ఒక్క పొట్లం కాదు ఆమె అడిగేది.

పదకొండు గంటలకు ఇల్లు చేరేసరికి అడుగు తీసి అడుగు వేయడం కష్టమైంది. లక్ష్మీప్రియ మంచం వాల్చింది. శివలీల పడుకోలేదు. ఆ పిల్లకు మార్కెట్టులో జరిగిందంతా చెప్పింది. సోమక్క రొట్టె గురించి చెబుతూ నవ్వింది కూడా. తర్వాత చెప్పాల్సింది ఒకటి మిగిలింది. పదిమంది ముందర చెప్పేసిన మాట, ఈ పిల్లకు ఇంకెవరో చెప్పకముందే తాను చెప్పాలి.

"మీయమ్మ వద్దనే అనింది. నేనే వాని కాడికి పిల్చుకోని పోయినా. మొదుటి పొట్లం నేనే నోట్లో వేసినా."

 లక్ష్మీప్రియ లేచి, బకెట్టులో నానుతున్న బట్టలు తీసుకుని మిద్దె మీదికి పోయింది. పైన ఆ పిల్ల బట్టలను గోడకేసి కొడుతున్న చప్పుడు కిందికి వినిపించింది. శివలీల ఆ చప్పుడు వింటూ పడుకుంది. కొట్టనీ అనుకుంది. తనను కూడా ఎవరో ఒకరు కొట్టాలి కదా.

అరగంట తర్వాత లక్ష్మీప్రియ దిగి వచ్చింది. పెద్దమ్మతో చెప్పాలనుకున్న మాట ఏదో మెట్ల మీదే కూడబలుక్కుంది. మంచం దగ్గరికొచ్చి "పెద్దమ్మా" అంది. మళ్లీ పిలిచింది. శివలీల కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఊపిరి లేదు. రోజూ వేడినీళ్లలో నానితే గానీ విచ్చుకోని చేతులు మెత్తగా, వదులుగా పక్కన పడి ఉన్నాయి. ఆ పిల్ల చెప్పాలనుకున్న మాట ఏమిటో ఆ తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు.

మరునాడు పొద్దున మార్కెట్టు ఆడవాళ్లంతా పని మానుకుని వచ్చి ఇంటి ముందు కూర్చున్నారు. జరిగిందే మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు. తొమ్మిదింటికి ఓబుళేశు వచ్చాడు. పూలదండ తెచ్చాడు. తన దగ్గర మందు తిన్నవాళ్లు ఎవరు పోయినా ఆయన దండ వేసి, పది నిమిషాలు కూర్చుని పోతాడు. నాగలతకూ వేశాడు. ఈ పొద్దు రాకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని వచ్చాడో, శివలీల ఇక నోరెత్తదనే ధైర్యంతోనే వచ్చాడో తెలియదు. దండ వేసి, కుర్చీలో కూర్చుని, "దేవుడు మంచోళ్లను నిలపడమ్మా" అన్నాడు.

లక్ష్మీప్రియ ఆయన ముందుకొచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"పొద్దున ఏమన్నా తిన్యావా సారూ?"

"తిన్యానమ్మా, తిన్యా. నువ్వు తినల్ల ముందు" అన్నాడు ఓబుళేశు. చావింట్లో ఎవరైనా అడిగే మాటే కదా.

ఆ పిల్ల లోపలికి పోయి స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి, ఆయన కుర్చీ పక్కన అరుగు మీద పెట్టింది. రామసుబ్బమ్మ లేచింది. నిన్న బండి వెంట పరిగెత్తి తెచ్చుకున్న పొట్లాన్ని కొంగు ముడి విప్పి తీసి, గ్లాసు పక్కన పెట్టింది. రాత్రంతా వేళ్లు బిగుసుకుపోయి ఆమె నిద్రపోలేదు. ఆ ముడి విప్పడానికి కూడా చాలాసేపు పట్టింది. అంతసేపూ ఎవరూ సాయం చేయలేదు.

ఓబుళేశు పొట్లం వంక చూశాడు. చుట్టూ చూశాడు. సోమక్క దారికి అడ్డంగా ఉన్న తన కాళ్లు ముడుచుకుని, పోయేదానికి చోటిచ్చింది. ఆయన లేచి, చెప్పులు వేసుకుని, బండి స్టార్టు చేయకుండా వీధి చివరి దాకా నడిపించుకుపోయాడు. ఆ తర్వాత మార్కెట్టులో ఆ బండి ఎవరికీ కనిపించలేదు.

శివలీలను తీసుకుపోయి అందరూ తిరిగొచ్చే సరికి మధ్యాహ్నం దాటింది. అరుగు మీద ఎండ పడుతోంది. స్టీలు గ్లాసులో నీళ్లు అంచు దాకా అట్లాగే ఉన్నాయి.